పాత ఎయిర్ రైఫిల్‌ను ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: బైరాగిపట్టెడ, తిరుపతి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. రెండున్నరేళ్లుగా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. మొదటి ఏడాది రేంజిలో పిల్లలందరికీ ఇచ్చే రైఫిల్‌తోనే నేర్చుకుంది. ఆ తర్వాత, కిందటి ఉగాదికి ముందు, చెన్నైలో ఒక షూటరు అప్పటిదాకా వాడిన జర్మనీ రైఫిల్‌ను లక్షా ముప్పై వేల రూపాయలకు కొన్నాము. కొన్న కొత్తలో అమ్మాయి స్కోరు నెలనెలా పెరుగుతూ వచ్చి, అరవై షాట్లకు 600 దగ్గరికి చేరింది. దసరా నుంచి మాత్రం అక్కడే ఆగిపోయింది. ఒక రోజు 597, ఒక రోజు 603 వస్తోంది తప్ప ముందుకు కదలడం లేదు.

తప్పిపోయిన షాట్లలో ఎక్కువ భాగం ఎడమ వైపు పైకి పడుతున్నాయి. డయాప్టర్‌ను (కంటి దగ్గర ఉండే, గురి సవరించే భాగాన్ని) నాలుగు క్లిక్కులు కుడికి తిప్పితే రెండు రోజులు బాగానే ఉంటుంది, మూడో రోజు మళ్లీ మొదటికే వస్తుంది. మేడ మీది గది చివరి నుంచి మెట్ల దాకా టేపుతో సరిగ్గా పది మీటర్లు కొలిచి, వెనక ఇనుప రేకు పెట్టె బిగించి, ఇంట్లోనూ రోజూ సాయంత్రం గంటసేపు సాధన చేయిస్తున్నాను. కిందటి వారం ఆమె రైఫిల్‌ను స్టాండు మీద పెట్టేసి, "నాన్నా, ఇది నా మాట వినడం లేదు" అని చెప్పి కిందికి వెళ్లిపోయింది. ఇన్నాళ్లలో ఆ పిల్ల సాధన మధ్యలో వదిలి వెళ్లడం అదే మొదటిసారి.

చెన్నైలోని ఒక డీలరును అడిగితే పాత రైఫిల్‌ను డెబ్బై వేలకు తీసుకుని, రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఖరీదు గల కొత్త రైఫిల్ ఇస్తానన్నాడు. అంటే చేతి నుంచి రెండు లక్షల ఐదు వేలు పడుతుంది. బంగారం తాకట్టు పెడితే తప్ప అంత సొమ్ము ఇప్పుడు నా దగ్గర లేదు. పాత రైఫిల్ గాలి సిలిండర్ మీద చెక్కిన తేదీ ప్రకారం దాని గడువు ఇంకా పదకొండు నెలలే ఉంది, ఆలస్యం చేస్తే ఆ డెబ్బై వేలు కూడా రావని డీలరు అంటున్నాడు. వేసవిలో రాష్ట్ర స్థాయి పోటీలు ఉన్నాయి. ఇప్పుడే మార్చడం మంచిదా, ఆగడం మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: గ్రీమ్స్‌పేట, చిత్తూరు

అన్నగారూ, మీరు అడిగిన ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. తప్పు రైఫిల్‌దా, పట్టుకున్న మనిషిదా అనేది తేలకుండా డీలరుతో బేరం మాట్లాడకండి. నేను పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు నేర్పిస్తున్నాను. రైఫిల్ మార్చేద్దామని నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఈ పరీక్ష చేయకుండానే వచ్చారు.

ఒక గట్టి బల్ల వేసి, దాని మీద రెండు ఇసుక సంచులు పెట్టి, రైఫిల్‌ను వాటి మీద ఆనించండి. కూర్చొని, గురి కదలకుండా చూసుకుని, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో (ఎయిర్ రైఫిల్ గుండ్లతో) పది షాట్లు ఒకే కార్డు మీద కొట్టండి. అమ్మాయి కాకుండా వేరెవరైనా కొట్టినా ఫరవాలేదు, ఎందుకంటే ఇక్కడ మనం చూస్తున్నది రైఫిల్‌నే. ఆ పది రంధ్రాలూ కలిసి ఒకే రంధ్రంగా మారతాయి. దాని వెలుపలి అంచు నుంచి అంచు దాకా వెర్నియర్‌తో కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. మామూలు కాగితమైతే చిరిగిపోయి కొలత తప్పుతుంది కనుక, అసలు టార్గెట్ కార్డే వాడండి. తల కొలత 4.49, 4.50, 4.51 ఉన్న డబ్బాలు తలా ఒకటి తెప్పించి, ఒక్కోదానితో పదేసి షాట్లు చొప్పున ఇదే పని చేయండి. ఏ బ్యారెల్‌కు ఏ పెల్లెట్ నప్పుతుందో కొట్టి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

కొలత వచ్చాక ఏం చేయాలో చెబుతాను. పది మీటర్ల టార్గెట్‌లో నడిబొట్టు వ్యాసం అర మిల్లీమీటరే, తొమ్మిదో వలయం 5.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ బొట్టును తాకితే చాలు కాబట్టి, పెల్లెట్ కేంద్రం నట్టనడుమ నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే పది వస్తుంది. అక్కడి నుంచి లోపలికి పావు మిల్లీమీటరుకు ఒక పదో వంతు చొప్పున పెరిగి 10.9 దాకా వెళుతుంది. 2008లో బీజింగ్ ఫైనల్లో అభినవ్ బింద్రా ఆఖరి షాట్ 10.8, అంటే కేంద్రానికి అర మిల్లీమీటరు లోపల పడిందన్న మాట. ఇప్పుడు మీ రైఫిల్ బల్ల మీద 7 మిల్లీమీటర్ల రంధ్రం చేసిందనుకోండి. పెల్లెట్ తీసేస్తే మిగిలేది 2.5, అందులో సగం 1.25. గురి సరిగ్గా నడిమిలో ఉంటే ఆ రైఫిల్ ఏ షాట్‌నూ 10.5 కంటే కిందికి దించదు. మీ అమ్మాయి సగటు పది దగ్గర ఉంది. ఆ తేడా అంతా అప్పుడు నిలబడే తీరులో వెతకాలి, కొత్త రైఫిల్‌లో కాదు. రంధ్రం 9, 10 మిల్లీమీటర్లు వస్తే మాత్రం రైఫిల్‌నో పెల్లెట్‌నో అనుమానించవలసిందే.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. పది షాట్లు కొట్టాక రైఫిల్‌ను పది నిమిషాలు ముట్టుకోకుండా ఉంచి, ఆ తర్వాతి మొదటి షాట్‌ను వేరే కార్డు మీద కొట్టండి. ఇలా ఐదుసార్లు చేసి, ఆ ఐదు షాట్లూ ఎక్కడ పడుతున్నాయో చూడండి. సిలిండర్‌లోని 200 బార్ల ఒత్తిడిని తగ్గించి, ప్రతి షాట్‌కూ ఒకే పరిమాణంలో గాలి అందించే రెగ్యులేటర్ అనే భాగం లోపల ఉంటుంది. దాని సీలు అరిగితే, రైఫిల్ ఊరికే ఉన్నంతసేపూ అవతలి వైపుకు గాలి కొద్దికొద్దిగా కారి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు మొదటి షాట్ మామూలుకంటే వేగంగా వెళ్లి కాస్త పైన పడుతుంది.

జవాబు: బాలాజీ కాలనీ, తిరుపతి

నేను విశ్వవిద్యాలయం తరఫున నాలుగేళ్లు ఎయిర్ రైఫిల్ ఆడాను. ఇప్పుడు మా అబ్బాయి ఆడుతున్నాడు. పైన చెప్పిన పరీక్ష తప్పకుండా చేయించండి. నేను అడగదలచుకున్నది వేరే. రైఫిల్ కొన్ననాటి నుంచి మీ అమ్మాయి ఎంత ఎత్తు పెరిగింది? బట్టు (రైఫిల్‌ను భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు, చెంప ఆనించే పలక ఎత్తు, చేతి కింద పెట్టుకునే దిమ్మె, ఇవన్నీ ఆ తర్వాత ఎవరైనా మార్చారా?

పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో పిల్లలు ఏడాదిలో నాలుగైదు సెంటీమీటర్లు సులభంగా పెరుగుతారు. చేతులూ మెడా పొడవవుతాయి. రైఫిల్ మాత్రం పాత కొలతకే బిగించి ఉంటుంది. మా అబ్బాయి విషయంలో అదే జరిగింది. చెంప పలక కిందికి ఉండిపోవడంతో వాడు తలను వంచి, చెంపతో బట్టును నొక్కిపట్టి గురి చూసేవాడు. కుడి చేతివాటం పిల్లలు అలా నొక్కితే బట్టు కుడికి జరిగి, బ్యారెల్ కొస ఎడమకు తిరుగుతుంది. మీరు చెప్పిన ఎడమ షాట్ల గురించి చదవగానే నాకు ఆ సంగతే గుర్తుకొచ్చింది. డయాప్టర్ క్లిక్కులు తిప్పడం వల్ల ఆ నొక్కుడు పోదు. ఒక రోజు ఎక్కువ నొక్కుతారు, మరో రోజు తక్కువ, అందుకే మూడో రోజుకు గురి మళ్లీ మారిపోతుంది.

ఇంట్లోనే చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అమ్మాయిని పూర్తి దుస్తుల్లో, రైఫిల్ ఎత్తి గురి పెట్టినప్పుడు, పక్క నుంచి, వెనక నుంచి ఫొటోలు తీయండి. తల నిటారుగా ఉందా, ముందుకు సాగిందా చూడండి. ఆ తర్వాత గురి పెట్టి కళ్లు మూసుకోమని, మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి వదిలి కళ్లు తెరవమనండి. అప్పుడు గురి నల్లటి గుండ్రానికి ఎడమగా కనిపిస్తే, ఆమె ఒళ్లు అటువైపు తిరిగి ఉందనీ, ప్రతి షాట్‌కూ కండరాలతో కుడికి లాక్కొస్తోందనీ అర్థం. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఆ కండరం సడలితే షాట్ మళ్లీ ఎడమకే పోతుంది. సరిచేయవలసింది చేతులను కాదు, పాదాలను. వెనక పాదాన్ని రెండు వేళ్లంత జరిపితే చాలాసార్లు సరిపోతుంది.

షూటింగ్‌కు వేసుకునే జాకెట్ కూడా గమనించండి. రెండేళ్ల కిందటి జాకెట్ భుజాల దగ్గర బిగుసుకుంటే ఎడమ మోచేయి తుంటి మీద సరిగ్గా ఆనదు. కొత్త జాకెట్ ఖరీదు కొత్త రైఫిల్‌లో ఎన్నో వంతో మీకే తెలుసు.

ప్రశ్న అడిగిన వారి నుంచి

ఇద్దరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. శని, ఆదివారాలు రెండూ ఈ పని మీదే కూర్చున్నాము. ఫలితాలు రాస్తున్నాను.

ఇప్పటిదాకా వాడుతున్న పెల్లెట్లతో బల్ల మీద 9.5 మిల్లీమీటర్ల రంధ్రం వచ్చింది. 4.51 డబ్బాతో 8. రేంజిలో ఒకరి దగ్గర అప్పు తెచ్చిన 4.49 డబ్బాతో 6.5. మూడోసారి కూడా కొట్టి చూశాను, 6.5 కంటే ఎక్కువ రాలేదు. ఇన్నాళ్లూ కొనేటప్పుడు తల కొలత చూడాలని నాకు తట్టలేదు. చౌకగా వస్తున్నాయని ఒకేసారి పన్నెండు డబ్బాలు కొని పెట్టాను, వాటితోనే ఆ పిల్ల దసరా నుంచి కొడుతోంది. ఆ సంగతి ఆమెకు చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

పది నిమిషాల పరీక్షలో ఐదు షాట్లలో నాలుగు, దాదాపు 2 మిల్లీమీటర్లు పైన పడ్డాయి. ఐదోది మామూలుగానే పడింది.

ఫొటోలు తీశాము. అమ్మాయి ఏడు సెంటీమీటర్లు పెరిగింది. బట్టు మాత్రం కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. వెనక నుంచి తీసిన ఫొటోలో మెడ కుడికి వంగి, చెంప పలక మీద గట్టిగా అదిమినట్లు స్పష్టంగా కనిపిస్తోంది. కళ్లు మూసి తెరిచినప్పుడు గురి నల్ల గుండ్రం దాటి ఎడమకు పోయింది.

ఇంతా చూశాక రైఫిల్ మార్చాలా వద్దా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది, ఎందుకంటే సిలిండర్ గడువు సంగతి అలాగే ఉంది.

జవాబు: పలమనేరు

నేను సరిగ్గా మీరున్న స్థితిలోనే రెండేళ్ల కిందట తొందరపడి రైఫిల్ మార్చాను. కాబట్టి డబ్బు సంగతి నేను చెబుతాను.

ఈ రైఫిళ్ల గాలి సిలిండర్లకు తయారైన తేదీ నుంచి పదేళ్ల గడువు ఉంటుంది. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి వెళితే పరికరాల తనిఖీలో ఆపుతారు, బాధ్యత కూడా షూటర్‌దే. అది ఒత్తిడితో నిండి ముఖానికి దగ్గరగా ఉండే వస్తువు, కనుక ఇంట్లో కూడా గడువు దాటాక వాడవద్దు. అయితే సిలిండర్ మరచుట్టుతో ఊడివచ్చే భాగం మాత్రమే. కొత్త సిలిండర్‌ను విడిగా కొనవచ్చు. డీలరు మీ గడువు తక్కువగా ఉందని రైఫిల్ మొత్తం ధరను తగ్గిస్తున్నాడు. మీరు సిలిండర్ ఒక్కటి మార్చి, ఆ తర్వాత నేరుగా ఇంకొక షూటర్‌కు అమ్మితే, సిలిండర్ ఖర్చు పోను డెబ్బై వేలకంటే ఎక్కువే మిగులుతుందని నా అనుభవం. ఈ బ్యారెళ్లు ఏడాదికీ రెండేళ్లకూ అరిగిపోయేవి కావు. కొనేవాడికి ఆ సంగతి తెలుసు. నేను మార్చినప్పుడు డీలరు చెప్పిన ధరకే తలవంచి, ఆ తర్వాత అదే రైఫిల్‌ను అతను ఇంకొకరికి నాకిచ్చినదానికి దాదాపు రెట్టింపుకు అమ్మాడని తెలుసుకున్నాను.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరొకటి. కొత్త రైఫిల్ వచ్చిన మొదటి రెండు నెలలు మా వాడి స్కోరు ఎనిమిది పాయింట్లు పడిపోయింది. బరువు ఒకచోట, ట్రిగ్గర్ ఒకచోట, అన్నీ కొత్త. పోటీలకు ఆరు వారాల ముందు మార్చాము. ఆ ఏడాది రాష్ట్ర స్థాయి పోటీల్లో వాడు తన పాత స్కోరు దరిదాపులకు కూడా రాలేకపోయాడు. మీరు ఎప్పటికైనా మార్చదలిస్తే పోటీలు ముగిసిన మర్నాడు మార్చండి, ముందు మాత్రం వద్దు.

ఎప్పుడు అమ్మినా కాగితం రాసుకోండి. బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కరలేదు. పోటీ రైఫిళ్ల శక్తి అందులో సగం కూడా ఉండదు. అలాగని బిల్లు లేకుండా కొనడం, అమ్మడం చేయవద్దు. రైఫిల్ సీరియల్ నంబరు, తేదీ, ఇద్దరి సంతకాలు ఉన్న కాగితం ఒకటి పెట్టెలో ఎప్పుడూ ఉండాలి. రైలులోనో బస్సులోనో తీసుకెళ్తున్నప్పుడు పోలీసులు పెట్టె తెరవమంటే, ఆ కాగితమూ అమ్మాయి షూటర్ గుర్తింపు కార్డూ చూపిస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

జవాబు: గ్రీమ్స్‌పేట, చిత్తూరు

అన్నగారూ, మీ ఫలితాలు చూసి సంతోషించాను, ఎందుకంటే చిక్కుముడి విడిపోయింది. పైకి పోయే షాట్లు రైఫిల్ తప్పు, ఎడమకు పోయేవి నిలబడే తీరులో తప్పు. రెండూ కలిసి ఒకేచోట పడుతుండడంతో ఇన్నాళ్లూ ఒకే రోగంలా కనిపించింది.

పోటీలో అరవై షాట్లకు 75 నిమిషాలు. అమ్మాయి మధ్యలో మూడు నాలుగు సార్లు రైఫిల్ దించి విశ్రాంతి తీసుకుంటుంది కదా. ప్రతిసారీ ఆ తర్వాతి మొదటి షాట్ 2 మిల్లీమీటర్లు పైకి పోతే, ఒక్కో షాట్‌కు 0.8 దాకా పోతుంది, మొత్తం మీద మూడు పాయింట్ల చిల్లర. దీనికి రెగ్యులేటర్ సీళ్లు మారిస్తే సరిపోతుంది, రైఫిల్ మార్చనక్కరలేదు. ఆ పని ఇంట్లో చేయవద్దు. సిలిండర్ ఊడదీసి, లోపల మిగిలిన గాలిని ఖాళీ చేయకుండా రెగ్యులేటర్ విప్పితే ప్రమాదం. అలవాటున్న మెకానిక్‌కే ఇవ్వండి.

మీరు గాలి దేనితో నింపుతున్నారు? చేతి పంపుతో అయితే, తేమ పీల్చుకునే ఫిల్టర్ ఉందో లేదో చూడండి. ఫిల్టర్ లేకుండా నింపితే నీటి తడి లోపలికి చేరి సీళ్లను పాడుచేస్తుంది. మన తిరుపతి ఎండలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. 200 బార్లు నింపిన సిలిండర్‌ను మధ్యాహ్నం కారులో వదిలేస్తే వేడికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. సాయంత్రం నింపుకుని, నీడలో పెట్టండి.

ప్రశ్న అడిగిన వారి నుంచి

చేతి పంపుతోనే నింపుతున్నాను, ఫిల్టర్ లేదు. అమ్మిన షూటరు పంపుతో పాటు ఒక చిన్న గొట్టం ఇచ్చాడు. అదేమిటో తెలియక పెట్టె అడుగున పడేశాను. నిన్న తీసి చూస్తే లోపల గింజలు నీలం రంగు పోయి గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి. రేంజిలో కోచ్‌కు చూపిస్తే ఆ గొట్టమే ఫిల్టర్ అనీ, గింజలను ఆరబెడితే మళ్లీ పనికొస్తాయనీ చెప్పారు.

ఎక్స్ఛేంజ్ వద్దని డీలరుకు ఫోన్ చేసి చెప్పాను. బంగారం బీరువాలోనే ఉంది. శుక్రవారం రైఫిల్ తీసుకుని చెన్నైలోని మెకానిక్ దగ్గరికి వెళుతున్నాను. సీళ్లు మార్చడానికి రెండు రోజులు పడుతుందట. కొత్త సిలిండర్ ఖరీదు కూడా అక్కడే కనుక్కుంటాను. పోటీలు అయ్యాక కొనాలా, ఇప్పుడే కొనాలా అన్నది ఆ ధర చూసి నిర్ణయించుకుంటాను. 4.49 పెల్లెట్లు ఒకే బ్యాచ్‌వి పది డబ్బాలు పంపమని అడిగాను.

ఆదివారం సాయంత్రం బాలాజీ కాలనీ అమ్మగారు చెప్పినట్లే బట్టును రెండు సెంటీమీటర్లు పొడిగించి, చెంప పలకను కొద్దిగా పైకి లేపి, వెనక పాదాన్ని జరిపించాము. పాదం ఉండవలసిన చోట నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. మొదటి పది షాట్లు బాగా లేవు, అన్నీ కుడికి పోయాయి. డయాప్టర్‌ను మేము కుడికి తిప్పిన లెక్క మొత్తం తిరిగి సరిచేయవలసి వచ్చింది. ఆ తర్వాతి పదిలో ఏడు పది దాటాయి. రైఫిల్‌ను స్టాండు మీద పెట్టి, కార్డు దగ్గరికి తనే నడిచి వెళ్లి, రంధ్రాలను వేలితో తడిమి చూసుకుని, ఇంకొక కార్డు పెట్టమంది. తొమ్మిదిన్నర దాకా మేడ మీదే ఉన్నాము.

చెన్నై నుంచి రైఫిల్ తిరిగి వచ్చాక పది నిమిషాల పరీక్ష మళ్లీ చేసి, ఫలితం ఇక్కడే రాస్తాను. బాలాజీ కాలనీ అమ్మగారిని ఒక్కటి అడగాలి: తిరుపతిలోనే కొలతలు తీసుకుని షూటింగ్ జాకెట్ భుజాలు వదులు చేసి కుట్టే దర్జీ ఎవరైనా ఉన్నారా, లేక దానికీ చెన్నై పోవలసిందేనా?